హెపటైటిస్ సి చికిత్సాకాలంలో జీవన నాణ్యత

హెపటైటిస్ సి వైరస్‌ను శరీరం నుండి తొలగించడానికి మందులు వాడుతున్న కాలంలో రోగి యొక్క శరీరబలం, ఆకలి, నిద్ర, మనఃస్థితి, పనిచేసే శక్తి, సంపాదన మరియు కుటుంబ సంబంధాలు ఏ విధంగా ఉన్నవో తెలిపే భావనను చికిత్సాకాలపు జీవన నాణ్యత అంటారు. రక్తంలో వైరస్ ఎంత ఉన్నదో ప్రయోగశాల చెప్పగలదు. కాని ఆ మనిషి ఉదయం లేచి పొలానికి వెళ్ళగలుగుతున్నాడా, రాత్రి నిద్రపోగలుగుతున్నాడా అన్నది రోగిని అడిగితేనే తెలుస్తుంది. 2014కు పూర్వం ఈ వ్యాధికి చేసే చికిత్స, చాలామందికి వ్యాధి కంటే ఎక్కువ బాధను కలిగించేది. ఆ కారణంగా మధ్యలోనే మందు మానివేసినవారు ఎందరో ఉన్నారు. ప్రస్తుతం వాడుతున్న నోటి మాత్రలతో ఈ పరిస్థితి మారినది. ఈ మార్పులో హైదరాబాదు ఔషధ పరిశ్రమకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. ఈ వ్యాసంలో చికిత్స చరిత్ర, దాని వలన రోగి జీవితంలో వచ్చే మార్పులు, మరియు నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వంటి చోట్ల నివసించే రోగి దృష్టిలో ఉంచుకోవలసిన విషయాలు వివరించబడినవి.

వ్యాధి నేపథ్యం

హెపటైటిస్ సి అనేది కాలేయానికి సోకే వైరస్ వ్యాధి. ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. దీనికి సంబంధించిన పరిశోధనలకు హార్వే ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్ అను ముగ్గురు శాస్త్రవేత్తలకు 2020లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. హెపటైటిస్ బి వ్యాధికి టీకా ఉన్నది, హెపటైటిస్ సి వ్యాధికి ఇంతవరకు టీకా లేదు.

ఈ వైరస్ ప్రధానంగా రక్తం ద్వారా వ్యాపిస్తుంది. శుద్ధి చేయని సూదులు, పరీక్షించని రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన డయాలిసిస్ పరికరాలు మరొకరికి వాడడం, మాదకద్రవ్యాల కొరకు ఒకే సూదిని పలువురు వాడుకోవడం, శుభ్రపరచని పచ్చబొట్టు సూదులు, మంగలి కత్తులు దీనికి మార్గాలు. భారతదేశంలో రక్తనిధులు హెపటైటిస్ సి పరీక్షను తప్పనిసరిగా చేయడం 2000ల తొలి సంవత్సరాలలో స్థిరపడినది. అంతకు పూర్వం ప్రసవ సమయంలోనో, రోడ్డు ప్రమాదం తరువాతనో, శస్త్రచికిత్సలోనో రక్తం ఎక్కించుకున్నవారిలో కొందరికి ఈ వ్యాధి ఎన్నో సంవత్సరాల తరువాత బయటపడుతున్నది.

వైరస్ సోకినవారిలో చాలామందికి మొదట ఏ లక్షణాలూ ఉండవు. కొందరిలో వైరస్ తనంతట తానే తొలగిపోతుంది. మిగిలినవారిలో దీర్ఘకాలం నిలిచి, 20 నుండి 30 సంవత్సరాల కాలంలో కొందరికి సిరోసిస్, కాలేయ క్యాన్సర్ వంటి వాటికి దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది, భారతదేశంలో సుమారు 55 లక్షల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు.

జీవన నాణ్యతను కొలిచే విధానం

జీవన నాణ్యత అన్నది కేవలం అభిప్రాయం కాదు. దానిని ప్రశ్నావళుల ద్వారా కొలుస్తారు. అన్నింటికంటే ఎక్కువగా వాడబడినది ఎస్.ఎఫ్.-36 అను 36 ప్రశ్నల పత్రం. ఇందులో శారీరక సామర్థ్యం, నొప్పి, ఉత్సాహం, మానసిక ఆరోగ్యం, నలుగురితో కలసి మెలగడం మొదలైన 8 అంశాలకు 0 నుండి 100 వరకు అంకెలు వేస్తారు. అంకె పెరిగిన కొద్దీ ఆరోగ్యం బాగున్నట్లు భావించాలి. కాలేయ వ్యాధిగ్రస్తుల కొరకు ప్రత్యేకంగా రూపొందిన పత్రాలు, అలసటను మాత్రమే కొలిచే పత్రాలు, పనికి ఎన్ని గంటలు దూరమయ్యారో లెక్కించే పత్రాలు కూడా ఉన్నవి.

ఈ కొలతల వలన రెండు ముఖ్యమైన విషయాలు తెలిసినవి. మొదటిది: సిరోసిస్ రాకపోయినా హెపటైటిస్ సి ఉన్నవారి జీవన నాణ్యత ఇతరుల కంటే తక్కువగా ఉన్నదని 1998లో ప్రచురితమైన ఇంగ్లాండు పరిశోధకుల అధ్యయనం చూపినది. వీరిలో ఎక్కువమంది చెప్పే బాధ అలసట. రెండవది: తమకు వైరస్ ఉన్నదని తెలిసినవారి అంకెలు, ఉండి కూడా ఆ సంగతి తెలియనివారి అంకెల కంటే తక్కువగా ఉన్నవని 1999లో ఆస్ట్రేలియాకు చెందిన అధ్యయనంలో తేలినది. అనగా రోగికి కలిగే బాధలో కొంత భాగం వైరస్ వలన కాక, ఆ వార్త వలన, దానిని చెప్పిన తీరు వలన, చుట్టుపక్కలవారి ప్రవర్తన వలన కలుగుతున్నది. ఈ రెండవ విషయం నేటికీ ముఖ్యమైనదే.

ఇంటర్‌ఫెరాన్ కాలం

ఇంటర్‌ఫెరాన్ అనేది వైరస్ సోకినప్పుడు మన శరీర కణాలు స్వయంగా తయారుచేసుకునే ప్రొటీను. దీనిని 1957లో కనుగొన్నారు. హెపటైటిస్ సి చికిత్సకు ఇంటర్‌ఫెరాన్ సూదిమందును అమెరికాలో 1991లో అనుమతించారు. 1998లో దానికి రైబావిరిన్ అను మాత్రలు తోడైనవి. వారానికి మూడుసార్లు బదులు ఒక్కసారి ఇస్తే చాలే పెగ్ ఇంటర్‌ఫెరాన్ 2001లో వచ్చినది. అప్పటి నుండి 2013 వరకు ఈ రెండింటి కలయికయే ప్రధాన చికిత్స. వైరస్ యొక్క 2, 3 జన్యురూపాలకు 24 వారాలు, 1, 4 జన్యురూపాలకు 48 వారాలు మందు వాడవలసి వచ్చేది. అంత కాలం వాడినా 1వ జన్యురూపం ఉన్నవారిలో సగంమందికి మాత్రమే వ్యాధి నయమయ్యేది. భారతదేశంలో ఎక్కువగా కనిపించే 3వ జన్యురూపంలో ఫలితం దీనికంటే మెరుగుగా ఉండేది.

హైదరాబాదులో కె.ఐ. వరప్రసాద రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, 1997లో హెపటైటిస్ బి టీకాను దేశీయంగా తయారుచేసి ప్రసిద్ధి పొందినది. ఇదే సంస్థ 2000ల తొలి సంవత్సరాలలో షాన్‌ఫెరాన్ అను పేరుతో ఇంటర్‌ఫెరాన్‌ను కూడా విడుదల చేసినది. అయినప్పటికీ నెలల తరబడి సాగే ఈ చికిత్స సామాన్య కుటుంబానికి భారంగానే ఉండేది.

ఈ చికిత్సలో రోగి ఎదుర్కొనే ముఖ్యమైన ఇబ్బందులు:

జ్వరం, ఒళ్ళునొప్పులు: సూది వేసుకున్న కొద్ది గంటలకు చలి, జ్వరం, తలనొప్పి, కీళ్ళనొప్పులు వచ్చి ఒకటి రెండు రోజులు ఉండేవి. సాయంత్రం సూది వేసుకుని పారాసిటమాల్ మాత్రతో పడుకోవడం, సెలవు రోజుకు ముందటి రాత్రిని ఎంచుకోవడం వంటి ఉపాయాలు వైద్యులు చెప్పేవారు. నెలజీతగాడికి ఈ ఉపాయం సరిపోయేది కాని, రోజుకూలికి సెలవు రోజంటూ ఉండదు.

రక్తహీనత: రైబావిరిన్ వలన ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై హిమోగ్లోబిన్ పడిపోయేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెదడ వచ్చేవి. అసలే రక్తహీనత ఉన్న స్త్రీలకు ఇది మరింత కష్టం.

మానసిక కుంగుబాటు: చికిత్స పొందినవారిలో సుమారు నాలుగవ వంతు మందికి కుంగుబాటు కలిగినట్లు అనేక అధ్యయనాలలో తేలినది. కారణం లేకుండా కోపం, కన్నీళ్ళు, నిద్రలేమి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం దీని లక్షణాలు. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా వచ్చేవి. ఇది మందు వలన కలిగిన మార్పు అని తెలియని కుటుంబాలలో రోగి స్వభావమే మారిపోయినదని అపార్థం చేసుకునేవారు.

ఇతర ఇబ్బందులు: ఆకలి మందగించడం, బరువు తగ్గడం, జుట్టు రాలడం, చర్మంపై దురద, పొడిదగ్గు, తెల్ల రక్తకణాలు మరియు ప్లేట్‌లెట్లు తగ్గడం, థైరాయిడ్ గ్రంథి లోపాలు.

మందును 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనంలో ఉంచవలసి రావడం మరొక సమస్య. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు, కరెంటు కోతలు ఉండే పల్లెలవారు మందును ఐసు పెట్టెలో తెచ్చుకుని, వెంటనే వేయించుకోవలసి వచ్చేది.

ఈ కాలంలో చేసిన కొలతలన్నింటిలోను ఒకే తీరు కనబడుతుంది. చికిత్స మొదలైన కొద్ది వారాలలో జీవన నాణ్యత పడిపోతుంది, మందు ఉన్నంత కాలం అట్లే ఉంటుంది, మందు ఆపిన తరువాత తిరిగి పెరుగుతుంది. వైరస్ పోయినవారిలో అది చికిత్సకు ముందున్న స్థాయిని కూడా దాటుతుంది. వైరస్ పోనివారికి మాత్రం అనుభవించిన కష్టానికి ప్రతిఫలం దక్కేది కాదు. 2011లో వచ్చిన టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ మాత్రలు ఫలితాన్ని పెంచినా, ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి వాడవలసి ఉన్నందున రక్తహీనత, దద్దుర్ల వంటి బాధలను కూడా పెంచినవి.

నోటి మాత్రల రాక

వైరస్ తన ప్రతులను తయారుచేసుకునే పనిని నేరుగా అడ్డుకునే సోఫోస్‌బువిర్ అను మాత్రను 2013 డిసెంబరులో అమెరికా అనుమతించినది. అక్కడ 12 వారాల మందు ధర 84,000 డాలర్లు, అనగా ఒక్కొక్క మాత్ర 1,000 డాలర్లు. ఈ ధర ప్రపంచమంతటా చర్చకు దారితీసినది. మందు కనుగొనబడినది కాని కొనగలవారు కొద్దిమందే.

2014 సెప్టెంబరులో గిలియడ్ సంస్థ ఈ మందును తయారుచేసి తక్కువ ఆదాయం గల దేశాలలో అమ్ముకొనుటకు 7 భారతీయ ఉత్పత్తి సంస్థలకు అనుమతి ఇచ్చినది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. హైదరాబాదుకే చెందిన నాట్కో ఫార్మా సంస్థ సోఫోస్‌బువిర్ పేటెంటు దరఖాస్తుపై భారత పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేసినది. 2015 మార్చిలో నాట్కో కూడా గిలియడ్‌తో ఒప్పందం చేసుకుని హెప్సినాట్ అను పేరుతో మందును విడుదల చేసినది. 28 మాత్రల సీసా ధర 20,000 రూపాయలకు కొంచెం తక్కువ. ఆ తరువాత పోటీ పెరిగి ధరలు ఇంకా తగ్గినవి. నాట్కో సంస్థకు నాగార్జున సాగర్ వద్ద కూడా ఔషధ కర్మాగారం కలదు.

సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లాటస్‌విర్, లెడిపస్‌విర్, వెల్పటస్‌విర్ అను మందులు వచ్చినవి. 2016లో అమెరికాలో, 2017లో భారతదేశంలో అందుబాటులోకి వచ్చిన సోఫోస్‌బువిర్-వెల్పటస్‌విర్ మాత్ర అన్ని జన్యురూపాలపై పనిచేస్తుంది. దీనితో ఇంటర్‌ఫెరాన్ వాడుక దాదాపు నిలిచిపోయినది.

పంజాబు ప్రభుత్వం 2016లో రాష్ట్రవ్యాప్తంగా ఉచిత చికిత్సను ప్రారంభించినది. ప్రపంచ హెపటైటిస్ దినమైన జూలై 28న, 2018లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించినది. దీని కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. ఈ కార్యక్రమ మార్గదర్శకాల ప్రకారం సిరోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్ మరియు డక్లాటస్‌విర్ 12 వారాలు, సిరోసిస్ ఉండి కాలేయం ఇంకా పనిచేస్తున్నవారికి సోఫోస్‌బువిర్ మరియు వెల్పటస్‌విర్ 12 వారాలు ఇస్తారు. జలోదరం, రక్తపు వాంతులు వంటి లక్షణాలు ఉన్నవారిని పెద్ద కేంద్రాలకు పంపుతారు.

నేటి చికిత్సలో రోగి అనుభవం

ప్రస్తుత చికిత్స రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్రలతో సాగుతుంది. సూది లేదు, ఐసు పెట్టె అవసరం లేదు. నూటికి 95 మందికి పైగా వ్యాధి నయమవుతున్నది. కొందరికి తలనొప్పి, అలసట, వికారం, నిద్ర సరిగా పట్టకపోవడం వంటివి మొదటి వారాలలో కనిపిస్తాయి. ఇవి సాధారణంగా స్వల్పం. అత్యధికులు రోజువారీ పనులు మానకుండానే చికిత్స పూర్తిచేయగలరు.

జీవన నాణ్యత కొలతలలో కూడా ఈ భేదం స్పష్టంగా ఉన్నది. సోఫోస్‌బువిర్‌ను ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్‌లతో కలిపి వాడినప్పుడు అంకెలు పడిపోయినవి. ఇంటర్‌ఫెరాన్ తీసివేసి రైబావిరిన్ మాత్రమే ఉంచినప్పుడు కొద్దిగా తగ్గినవి. రెండూ లేకుండా లెడిపస్‌విర్‌తో వాడినప్పుడు చికిత్స జరుగుతుండగానే అంకెలు పెరిగినవి. అనగా మందు వేసుకుంటున్న రోజులలోనే రోగి మెరుగవుతున్నాడు. ఇది ఈ వ్యాధి చికిత్సా చరిత్రలో మొదటిసారి జరిగినది.

చికిత్సాకాలంలో పాటించవలసిన ముఖ్య విషయాలు ఇవి:

1. మాత్రను ప్రతిరోజు ఒకే వేళకు వేసుకోవాలి. మరచినచో అదే రోజు గుర్తుకు రాగానే వేసుకోవాలి. మరునాడు రెండు మాత్రలు కలిపి వేసుకోరాదు.

2. ఒంట్లో బాగున్నదని మధ్యలో ఆపరాదు. బాగుండడం వేరు, వైరస్ పూర్తిగా పోవడం వేరు.

3. వాడుతున్న ఇతర మందులన్నీ వైద్యునికి చూపాలి. అంగడిలో అడిగి కొనుక్కునే గ్యాస్ మాత్రలు వెల్పటస్‌విర్ ఒంటికి పట్టకుండా చేయగలవు. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజపిన్ ఈ మందుల బలాన్ని తగ్గిస్తాయి. గుండెలయకు వాడే అమియోడరాన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

4. చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పక చేయించుకోవాలి. రెండు వైరస్‌లూ ఉన్నవారిలో సి వైరస్ అణగినప్పుడు బి వైరస్ విజృంభించవచ్చు.

5. చక్కెరవ్యాధి ఉన్నవారిలో వైరస్ తగ్గుతున్న కొద్దీ చక్కెర కూడా తగ్గవచ్చు. తరచుగా పరీక్షించుకుంటూ, అవసరమైతే వైద్యుని సలహాపై మందు మోతాదు మార్చుకోవాలి.

నాగార్జున సాగర్ ఆయకట్టు ప్రాంతంలో

నాగార్జున సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడుదలైనది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పంటకు, మిర్యాలగూడ పట్టణం బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందినవి. ఇక్కడి ప్రజలలో అధికులకు జీవనాధారం వ్యవసాయం, కూలి, మిల్లులలో హమాలీ పని. వానాకాలం, యాసంగి పంటలలో నాట్లు, కోతల రోజులకు లెక్క ఉన్నది. ఆ రోజులలో పని పోతే ఆ సంపాదన తిరిగి రాదు.

ఈ కారణంగా ఇక్కడివారికి చికిత్సాకాలపు జీవన నాణ్యత అనగా మొదట పని దినాలు, తరువాత ప్రయాణం. ఇంటర్‌ఫెరాన్ కాలపు 48 వారాల చికిత్స రెండు పంటలను దాటి సాగేది. వారానికి ఒకటి రెండు రోజులు జ్వరంతో, మిగిలిన రోజులు రక్తహీనతతో బురదమడిలో నాట్లు వేయడం సాధ్యం కాదు. నేటి 12 వారాల చికిత్స ఒక పంటకాలంలోపే పూర్తవుతుంది. మాత్రలు వేసుకుంటూ పొలం పని చేసుకొనవచ్చును. దాహం వేసినప్పుడు నీరు త్రాగడం, ఎండలో విరామం తీసుకోవడం, అలసట ఉన్న మొదటి వారాలలో బరువు పనులు తగ్గించుకోవడం మంచిది.

పూర్వం కాలేయ నిపుణుని కొరకు హైదరాబాదు వెళ్ళవలసి వచ్చేది. సూర్యాపేట నుండి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ ఇంకా దూరం, అక్కడివారు ఖమ్మం, విజయవాడ కూడా వెళ్తుంటారు. సూర్యాపేట, కోదాడలకు రైలు మార్గం లేదు, 65వ నెంబరు జాతీయ రహదారిపై బస్సే ఆధారం. మిర్యాలగూడకు రైలు ఉన్నది. ఒక్కసారి చూపించుకొనుటకు రోగికి, తోడు వచ్చినవారికి ఒక రోజు కూలి, దారిఖర్చు పోయేవి. 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైన తరువాత జిల్లాలోనే పెద్ద వైద్యం దొరికే అవకాశం పెరిగినది. సిరోసిస్ లేని హెపటైటిస్ సి చికిత్స సాధారణ వైద్యుడు కూడా చేయగలిగినంత సులభమైనది. కనుక రోగి మొదట జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రిలో జాతీయ కార్యక్రమం కింద చికిత్స ఎక్కడ లభిస్తున్నదో విచారించడం ఉత్తమం. నెలకు ఒకసారి మాత్రల కొరకు వెళ్ళే రోజును సంత రోజుతోనో, ఇతర పనితోనో కలుపుకుంటే భారం తగ్గుతుంది.

పల్లెలలో చిన్న జబ్బులకు మొదట వెళ్ళేది ఆర్.ఎం.పి. వైద్యుని వద్దకే. సూది వేస్తేనే జబ్బు తగ్గుతుందని నమ్మకం ఉన్నందున అవసరం లేని సూదులు ఎక్కువగా పడుతున్నవి. ప్రతి సూదికీ కొత్త సిరంజి విప్పి వాడుతున్నారా అని అడగడం రోగి హక్కు. మాత్రతో తగ్గే జబ్బుకు సూది కోరకపోవడం రోగి బాధ్యత.

పథ్యం, పసరు, కల్లు

తెలుగువారి ఇళ్ళలో కామెర్లు, కాలేయ వ్యాధి అనగానే పథ్యం మొదలవుతుంది. నూనె, పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి చప్పిడి అన్నం, మజ్జిగతో నెలల తరబడి ఉంచుతారు. హెపటైటిస్ సి చికిత్సలో ఇటువంటి పథ్యం అవసరం లేదు. పైగా ఇది హాని చేస్తుంది. మాంసకృత్తులు అందక కండరాలు క్షీణించి నీరసం పెరుగుతుంది, ఆ నీరసాన్ని మందుపై నెట్టి మందు మానివేస్తారు. పప్పు, గుడ్డు, పాలు, చేపలు, ఆకుకూరలు, పండ్లు మామూలుగా తినవచ్చును. కడుపులో నీరు చేరిన సిరోసిస్ రోగులు మాత్రం వైద్యుడు చెప్పిన మేరకు ఉప్పు తగ్గించాలి.

కామెర్లకు పసరు పోయించడం, నేల ఉసిరి మింగించడం, చేతి మణికట్టు వద్ద వాతలు పెట్టించడం పల్లెలలో ఉన్న ఆచారాలు. కొన్ని రకాల కామెర్లు ఏ మందూ లేకుండానే కొద్ది వారాలలో తగ్గుతాయి, అందుచేత పసరుకు ఆ పేరు వచ్చినది. హెపటైటిస్ సి అట్లా తగ్గే వ్యాధి కాదు. దీనిలో చాలామందికి కళ్ళు పచ్చబడవు కూడా. ఏమి కలిపారో తెలియని పసర్లు కాలేయాన్ని ఇంకా దెబ్బతీయవచ్చు. వాత పెట్టే పరికరం, సూది శుభ్రంగా లేకపోతే కొత్త జబ్బులు అంటవచ్చు.

మద్యం కాలేయానికి వైరస్ చేసే హానిని పెంచుతుంది. నల్లగొండ ప్రాంతంలో కల్లును మద్యంగా లెక్కించనివారు చాలామంది ఉన్నారు. కల్లులో కూడా ఆల్కహాలు ఉన్నది. చికిత్సాకాలంలో దానిని కూడా మానడం మంచిది. అయితే తాగుడు మానలేకపోయినవారికి చికిత్స నిరాకరించడం సరికాదు. వారికి కూడా ఈ మాత్రలు పనిచేస్తాయి, తాగుడు మానుటకు సహాయం దానితోపాటే అందించాలి.

కుటుంబం మరియు సమాజం

మందు సులభమైన తరువాత చికిత్సాకాలంలో రోగిని ఎక్కువగా బాధించేది వెలి. కంచం, గ్లాసు వేరు పెట్టడం, పిల్లలను దగ్గరకు రానీయకపోవడం, పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని జబ్బును దాచడం, పని నుండి తొలగిస్తారని భయపడడం ఇందులో భాగాలు. దాచి ఉంచిన జబ్బుకు మాత్రలు కూడా దాచి వేసుకోవలసి వస్తుంది, ఇంట్లో బంధువులు ఉన్న రోజున మాత్ర తప్పిపోతుంది.

హెపటైటిస్ సి కలసి భోజనం చేసినందున, ఒకే గ్లాసులో నీరు త్రాగినందున, కౌగిలించుకున్నందున, దగ్గినందున, చంటిబిడ్డకు పాలిచ్చినందున వ్యాపించదు. చనుమొన పగిలి రక్తం కారుతున్నప్పుడు మాత్రం అది మానేవరకు ఆగాలి. దాంపత్య జీవితంలో సోకే అవకాశం చాలా తక్కువ. తల్లి నుండి బిడ్డకు సోకేది సుమారు నూటికి 5 మందికి. బ్లేడు, దంతాల బ్రష్షు, గోళ్ళు తీసే పరికరం వంటి రక్తం అంటే వస్తువులు మాత్రమే వేరుగా ఉంచుకోవాలి. ఇంట్లో వేరు చేయవలసినది కంచం కాదు, బ్లేడు.

వైద్యుడు, నర్సు లేదా ఆశా కార్యకర్త ఈ విషయాన్ని రోగికి ఒక్కడికే కాక, రోగి అంగీకరిస్తే భార్యకో, భర్తకో, కొడుకుకో కూడా కూర్చోబెట్టి చెప్పడం వలన చికిత్స సాఫీగా సాగుతుంది.

ప్రత్యేక పరిస్థితులు

డయాలిసిస్ రోగులు: వీరికి వైరస్ సోకే ప్రమాదం ఎక్కువ. ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్ వీరికి చాలా కష్టంగా ఉండేవి. ప్రస్తుతం మూత్రపిండాలు పనిచేయనివారికి కూడా సోఫోస్‌బువిర్ కలిసిన చికిత్స ఇస్తున్నారు. ఒక్కసారి వాడి పారవేసే డయలైజర్ల వలన ఒకరి నుండి మరొకరికి సోకే అవకాశం తగ్గుతుంది.

గర్భిణులు: సాధారణంగా చికిత్సను ప్రసవం తరువాతకు వాయిదా వేస్తారు. రైబావిరిన్ గర్భస్థ శిశువుకు ప్రమాదకరం. దానిని వాడే స్త్రీ అయినా పురుషుడైనా చికిత్సాకాలంలోను, ఆ తరువాత కనీసం 6 నెలలు గర్భనిరోధం పాటించాలి.

సిరోసిస్ ముదిరినవారు: వీరికి రైబావిరిన్ కలపడం లేదా చికిత్సను 24 వారాలకు పొడిగించడం జరుగుతుంది. వీరిలో అలసట, కాళ్ళవాపు, మతిమరుపు వంటివి ఉన్నందున ఇంట్లో ఒకరు మాత్రల బాధ్యత తీసుకోవడం అవసరం.

చికిత్స తరువాత

మాత్రలు ముగిసిన 12 వారాల తరువాత రక్తంలో వైరస్ ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు. అప్పుడు వైరస్ కనబడకపోతే వ్యాధి నయమైనట్లు లెక్క. బాగున్నదని భావించి చాలామంది ఈ పరీక్షకు రారు. కాని నయమైనదో లేదో తెలిపేది ఇది ఒక్కటే. నయం కానివారికి వేరే మందులతో మరల చికిత్స చేసే వీలున్నది.

నయమైన తరువాత కూడా రక్తంలో ప్రతిరక్షకాలు జీవితాంతం ఉండిపోతాయి. కనుక సాధారణ యాంటీబాడీ పరీక్ష ఎప్పటికీ పాజిటివ్‌గానే వస్తుంది. ఇది జబ్బు తిరగబెట్టినట్లు కాదు. శస్త్రచికిత్సకు ముందు చేసే పరీక్షలలోను, గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికి వెళ్ళేవారి వైద్యపరీక్షలలోను ఈ ఫలితం వలన చిక్కులు వస్తుంటాయి. అందుచేత చికిత్స కాగితాలను, చివరి ఆర్.ఎన్.ఎ. పరీక్ష ఫలితాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

ఒకసారి నయమైనవారికి మరల సోకదన్న నియమం లేదు. సిరోసిస్ ఉన్నవారు వైరస్ పోయిన తరువాత కూడా 6 నెలలకు ఒకసారి కాలేయ క్యాన్సర్ కొరకు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకోవాలి. మిగిలినవారిలో అత్యధికులు మామూలు జీవితం గడపవచ్చును. హెపటైటిస్ వ్యాధులను 2030 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో లక్ష్యం పెట్టుకున్నది. మందు దొరికినది, ధర తగ్గినది. ఇక మిగిలినది జబ్బు ఉన్నవారిని గుర్తించడం, వారు 12 వారాలను భయం లేకుండా, వెలి లేకుండా పూర్తిచేసేటట్లు చూడడం.

ఇవి కూడా చూడండి

కాలేయం
కామెర్లు
హెపటైటిస్ బి
సిరోసిస్
రక్తదానం
నాగార్జునసాగర్ ప్రాజెక్టు
సూర్యాపేట
మిర్యాలగూడ